డిగ్నాబాద్‌లో మొదటి గేరు

ఇప్పుడు మీకు నీళ్ళు ఎప్పుడొస్తాయో ఫోను చెబుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో ఫోను చెబుతుంది. కరెంటు పోయాక కాసేపటికి ఫోను కూడా పోతుంది, అది వేరే సంగతి. మా రోజుల్లో ఈ పనులన్నీ ఒక జీపు చేసేది. ఆ జీపులో ముందు సీట్లో, ఎడమ వైపు, ఒళ్ళో మైకు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. పోర్ట్‌బ్లెయిర్‌లో నా వయసువాళ్ళెవరూ ఇప్పుడు నా మొహం గుర్తుపట్టరు గానీ, వెనక నుంచి ‘హలో, హలో’ అంటే మాత్రం అప్రయత్నంగా బిందె కోసం వెతుక్కుంటారు.

నేను విశాఖపట్నంలో బి.ఏ. ఫిలాసఫీ చదివాను. ఫిలాసఫీ చదివినవాడికి ఉద్యోగం రాదని బంధువులు బెంగపడ్డారు. వాళ్ళ బెంగ తప్పని తేలింది. సముద్రం దాటి వచ్చాక కుళాయి వేళలు చదివే ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం పేరు చాలా పెద్దది, ఆఫీసు తలుపు మీద రెండు వరుసల్లో రాయాల్సి వచ్చేది. పని మాత్రం చిన్నదే. ఏ పేటకి ఏ పూట నీళ్ళు, ఎక్కడ పోలియో చుక్కలు, ఏ రోజు కిరోసిన్, జెట్టీ నుంచి ఏ పడవ రద్దయింది, ఫుట్‌బాల్ ఫైనల్ ఎప్పుడు, తెలుగు సంఘం వారి ఉగాది ఎక్కడ, తప్పిపోయిన మేక ఎవరిది. ముందు హిందీలో, తరువాత తెలుగులో. మేక విషయం మాత్రం ముందు తెలుగులో, ఎందుకంటే అది సాధారణంగా మనవాళ్ళ మేకే అయ్యేది.

జీపు నడిపేవాడు నాకన్నా పదేళ్ళు పెద్ద. తాతలది శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డు. తను పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే, డిగ్నాబాద్ పేటలో. ఊరందరికీ ‘భయ్యా’. నాకూ భయ్యానే. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో ముగించేవాడు, మధ్యలో తుపుక్కున ఖైనీ ఊసేవాడు. అక్కడ కామా ఉన్నట్టు మనం అర్థం చేసుకోవాలి.

మా జీపుకి ఒక పద్ధతి ఉండేది. అది ఆఫీసు పెట్టింది కాదు, భయ్యా పెట్టింది. మా లౌడ్‌స్పీకర్లో మాటలు ఎప్పుడూ స్పష్టంగా వినబడేవి కావు. కొండవాలు ఊరు కదా, ఒక మాట అంటే అది ఎదుటి వాలుకి కొట్టుకుని తిరిగొచ్చి రెండో మాట మీద పడేది. నేను నా జీవితంలో ఎక్కువ భాగం నా మాటకి నేనే అడ్డం వెళ్ళాను. కానీ ఇంజను చప్పుడు మాత్రం అందరికీ చక్కగా వినబడేది. భయ్యా నీళ్ళ కబురైతే రెండో గేరులో నడిపేవాడు. ఆటలూ పండగలూ మేళాలైతే మూడో గేరు, సరదాగా. ఎవరైనా పోతే మొదటి గేరు.

మొదట్లో అది మర్యాద కోసం చేశాడు. ‘చావు కబురు పట్టుకుని ఉరుకుతామేటి సార్’ అన్నాడు నాతో. కొన్నేళ్ళకి ఊరు ఆ లెక్క నేర్చేసుకుంది. సందు మొదట్లో జీపు మూలుగుతూ మొదటి గేరులో వస్తోందంటే, నేను నోరు తెరవకముందే ఆడవాళ్ళు పొయ్యి తగ్గించి, మగవాళ్ళు చొక్కా వేసుకుని గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. ఎవరు పోయారన్నది మాత్రం నా దగ్గర వినేవారు. ఒక్క చిక్కుండేది. ఎత్తు రోడ్ల మీద ఏ కబురుకైనా మొదటి గేరే వెయ్యాలి. అందుకని ఎత్తెక్కేటప్పుడు ఎవరూ కంగారుపడేవారు కాదు. ఎత్తెక్కి చదును మీదకొచ్చాక రెండో గేరు పడిందా లేదా, చెవి అక్కడ పెట్టేవారు.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ఆఫీసరుగారు మా పద్ధతి విని, చావు కబుర్లు ప్రజోపయోగ ప్రకటనల కిందికి రావని అభ్యంతరం చెప్పారు.

‘చచ్చినోడికి తప్ప అందరికీ ఉపయోగమే సార్’ అన్నాడు భయ్యా.

ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు. మరుసటి నెల డీజిల్ ఎందుకు ఎక్కువైందని అడిగారు. ‘ఈ నెల మొదటి గేరు ఎక్కువైంది సార్’ అన్నాను. మళ్ళీ అడగలేదు.

భయ్యాకి ఒక తమ్ముడు. వడ్రంగి. అన్నకి ఉన్న నెమ్మది అతనికి లేదు; నవ్వితే పక్క సందుకి వినబడేది, మా లౌడ్‌స్పీకరు కన్నా నయంగా. ఒక కాంట్రాక్టరు కింద దక్షిణాన కార్ నికోబార్ దీవిలో క్వార్టర్లు కడుతుంటే తలుపులూ కిటికీలూ బిగించడానికి వెళ్ళేవాడు. కొన్ని నెలలు అక్కడ, ఓడ దొరికినప్పుడు కొన్ని రోజులు ఇక్కడ. అతని భార్య ఇంట్లో మిషను కుట్టేది. వాళ్ళ ఇల్లు డిగ్నాబాద్ సందులో ఎత్తెక్కాక, చదునుగా ఉండే మలుపు దగ్గర. అన్నదమ్ముల తల్లి వీళ్ళతోనే ఉండేది.

సునామీ గురించి మీరు చాలా చదివి ఉంటారు. నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఆదివారం పొద్దున్న ఇల్లు ఊగింది, గోడ చీలింది, అందరం రోడ్డు మీదకి వచ్చాం. పల్లపు పేటల్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళ రాకపోకలు ప్రకటించే ఉద్యోగిగా ఆ నీళ్ళ గురించి నాకు ముందస్తు సమాచారం లేదు.

తరువాతి రోజుల్లో జీపుకి తీరిక లేదు. ఏ స్కూల్లో శిబిరం పెట్టారు, నీళ్ళు కాచుకుని తాగండి, పగుళ్ళిచ్చిన ఇళ్ళలో పడుకోకండి, దక్షిణం నుంచి ఓడ వస్తోంది. ఓడ మాట చెప్పగానే మేమే ముందు ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళేవాళ్ళం. ఆఫీసు పని మీద నేను, తమ్ముడి కోసం భయ్యా. అప్పటికే ఆ తమ్ముడి భార్య అక్కడ జెట్టీ గేటు దగ్గర నిలబడి ఉండేది, మెడలో కొలతల టేపు తీసేయడం కూడా మరిచిపోయి. మనుషులు దిగేవారు. కొందరికి చెప్పులు లేవు, కొందరికి మాట లేదు. ఆమె ప్రతివాడి దగ్గరకీ వెళ్ళి అడిగేది. భయ్యా అడిగేవాడు కాదు. ముందు మొహాలు చూసేవాడు, తరువాత సముద్రం చూసేవాడు.

ఒక ఓడలో, తమ్ముడితో కలిసి పనిచేసిన తాపీమేస్త్రీ దిగాడు. ఆ పొద్దున్న అతను కొబ్బరితోట వైపు గుట్ట మీద ఉన్నాడట. పనివాళ్ళ షెడ్డు ఒడ్డున.

‘షెడ్డు ఉండేది భయ్యా’ అన్నాడు. ‘తరువాత సముద్రం ఉండేది.’

‘మా ఆయన షెడ్లో ఉన్నాడా? నువ్వు చూసేవా?’ అంది ఆమె.

‘పడుకుని ఉన్నాడు దీదీ. ఆదివారం కదా.’

‘నీళ్ళు వచ్చినప్పుడు చూసేవా అని అడుగుతున్నాను.’

‘అప్పుడు చూళ్ళేదు.’

‘తరువాత?’

‘తరువాత షెడ్డే లేదు కదా దీదీ.’

‘అయితే నువ్వు చూళ్ళేదు’ అని ఆమె మళ్ళీ గేటు వైపు తిరిగింది. భయ్యా మాత్రం వెళ్ళి జీపులో కూర్చున్నాడు. అతనికి అక్కడితో అయిపోయింది.

మరునాడు ఆఫీసుకి వస్తూనే నా బల్ల ముందు నిలబడ్డాడు. ‘సార్, ఇవాళ తమ్ముడిది చదవాలి. సంతాప సభ సంఘం హాల్లో. సెక్రటరీతో మాట్లాడేను.’

‘కొన్నాళ్ళు ఆగుదాం భయ్యా.’

‘ఎందుకాగాలి? మన జీపు మీద ఊరందరికీ చెప్పేం. మొన్న ఆ బెంగాలీ ముసలాయనకి చెప్పేం, శవం దొరికిందా? నా తమ్ముడు ఏం పాపం చేసేడు? మా అమ్మ తిండి తినట్లేదు. ఏదో ఒకటి అయిపోతే ఏడుస్తాది, బస్, తింటాది.’

అతను చెప్పింది తప్పని అనలేకపోయాను. అతని దుఃఖానికి ఒక రోజు కావాలి, ఒక హాలు కావాలి, నాలుగు కుర్చీలు కావాలి. మూతపడని దుఃఖంతో బండి నడపడం అతని వల్ల కావట్లేదు. ముందు అతని మరదలిని అడిగి వస్తానన్నాను.

ఆమె మిషను ఆపలేదు. శిబిరంలో పిల్లలకి గౌన్లు కుడుతోంది.

‘అన్నయ్యా, మీరు చదువుకున్నోళ్ళు. ఒకటి చెప్పండి. ఆయన ఏ రోజు పోయినట్టు?’

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

‘మీకూ తెలీదు, నాకూ తెలీదు. శవం లేదు, రోజు లేదు. అందుకే మా అత్త ఇన్నాళ్ళూ నా జోలికి రాలేదు. మీరు మైకులో చదివితే అదే రోజైపోద్ది. అక్కడి నుంచి పది రోజులు లెక్కెడతారు. పదో రోజు సందులో ఆడోళ్ళంతా వచ్చి నా గాజులు తీస్తారు. రేపు ఆయన ఓడ దిగితే ఎవరు తొడుగుతారు? మీ ఆఫీసా?’

మా ఆఫీసుకి అలాంటి ఏర్పాటు లేదని ఒప్పుకున్నాను.

‘మరైతే చదవకండి.’

నేను తిరిగి వెళ్ళి భయ్యాతో, ధ్రువీకరణ లేనిదే ఏ ప్రకటనా వద్దని ఆఫీసరుగారు అన్నారని చెప్పాను. నిజంగానే అన్నారు. ఆయన చెప్పినవాటిలో నేను శ్రద్ధగా పాటించింది అదొక్కటే. భయ్యా నా మొహంలోకి చూసి, ‘ఠీక్ హై సార్. మీరు చదవకండి’ అన్నాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

అడగలేదు గానీ, ఆ రోజు నుంచి జీపు మొదటి గేరు దాటలేదు.

‘సెకండు?’ అన్నాను ఆఫీసు గేటు దాటాక.

‘పడట్లేదు సార్.’

మెకానిక్ గేర్‌బాక్సు విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. బండి బాగానే ఉందన్నాడు. తను నడిపి చూపించాడు, రెండో గేరు వెన్నలా పడింది. భయ్యా కూర్చుంటే పడలేదు. అతను నాటకమాడుతున్నాడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. చెయ్యి అక్కడి దాకా వెళ్ళేది, ఆగిపోయేది.

ఒకటి రెండు పేటల్లో అలాగే తిరిగాం. ఆ రోజుల్లో చావులు నిజంగానే ఎక్కువ కాబట్టి ఎవరూ తేడా పట్టలేదు. డిగ్నాబాద్‌కి మాత్రం భయ్యా వెళ్ళకుండా తప్పించుకున్నాడు. చివరికి అక్కడ పైపులు పగిలి నీళ్ళు పూర్తిగా ఆగిపోయాయి. ట్యాంకరు పంపుతున్నాం, ముందు వెళ్ళి చెప్పండని ఆఫీసరుగారు ఆర్డరు వేశారు.

ట్యాంకరు మెయిన్ రోడ్డు మలుపులో ఆగింది. మేం సందులోకి తిరిగాం. మొదటి గేరు. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను: ‘నీళ్ళ ట్యాంకరు వచ్చింది, బిందెలు తెచ్చుకోండి!’ మాటలు ఎప్పటిలాగే వాలుకి కొట్టుకుని తిరిగొచ్చి నా నెత్తిమీద పడుతున్నాయి. ఎత్తెక్కినంతసేపూ పరవాలేదు, అక్కడ ఎవరికైనా మొదటి గేరే. చదును వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఊరంతా చెవులు రిక్కించి రెండో గేరు కోసం చూసింది.

పడలేదు.

గుమ్మాల్లో మనుషులు నిలబడిపోయారు. ఒక్కరి చేతిలో బిందె లేదు. ఇంట్లో గ్లాసెడు మంచినీళ్ళు లేనివాళ్ళు, ట్యాంకరు కనుచూపు మేరలో ఉండగా, చేతులు కట్టుకుని తలలు వంచుకుని నిలబడ్డారు. అది చాలదన్నట్టు ఒకాయన చెప్పులు కూడా విప్పేశాడు. నేను ‘నీళ్ళు, నీళ్ళు’ అని అరిచేకొద్దీ నా గొంతు దుఃఖంతో పూడుకుపోయిందనుకున్నారు. ఆడవాళ్ళు పైట చెంగులు నోటికడ్డం పెట్టుకుని ఆ మలుపులోని ఇంటి వైపు నడవడం మొదలుపెట్టారు. ఎవరి కబురో వాళ్ళకి నన్ను అడగాల్సిన పని లేకపోయింది. లోపలి నుంచి భయ్యా ముసలితల్లి ఏడుపు లేచింది.

అప్పుడు మరదలు బయటకొచ్చింది. నేరుగా వచ్చి జీపుకి అడ్డంగా నిలబడి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించింది. బండి ఆగింది.

‘బావగారూ, ఏటి కబురు?’

భయ్యా స్టీరింగు వైపు చూస్తూ, ‘నీళ్ళు’ అన్నాడు.

‘నీళ్ళ కబురికి ఇలాగొస్తారా?’

‘గేరు పడట్లేదమ్మా.’

‘మొన్నటిదాకా ఊర్లో అందరికీ పడింది, నా గుమ్మం ముందు పడదా? అన్నయ్య నోటితో చెప్పనంటే, మీరు బండితో చెప్పేస్తారా?’

‘నాను కావాలని చెయ్యలేదు తల్లీ.’ అతని గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది. ‘నా చెయ్యి రావట్లేదు. ఆణ్ణి ఎత్తుకు పెంచిన చెయ్యి కదా. ఎలా చెప్పను నీకు?’

అని స్టీరింగు మీద తల ఆనించేశాడు. హారన్ సరిగ్గా అక్కడే ఉంటుంది. అది మోగడం మొదలుపెట్టింది. ఆపకుండా మోగింది. ఆ మనిషి ఏడుస్తున్నంతసేపూ డిగ్నాబాద్ అంతటా హారన్ మోగింది, తల ఎత్తమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ చప్పుడులో ముసలావిడ తన ఏడుపు తనకే వినబడక ఆపేసింది.

కింద నుంచి ట్యాంకరువాడు కేక వేశాడు: ‘అరే భాయ్, పానీ చాహియే కి నహీ? శిబిరానికి పోవాలి నేను!’

మరదలు ఆ కేక విని చుట్టూ చూసింది. ఇరుగుపొరుగు తన కోసం ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు. ఆమె ఇంట్లోకి వెళ్ళింది. రెండు బిందెలు తెచ్చి జీపు వెనక పడేసింది. ముందుకొచ్చి నాతో, ‘జరగండి అన్నయ్యా’ అంది. నేను గేరు కర్రకి ఒరుసుకునేలా జరిగాను. నా పక్కన కూర్చుంది. కూర్చుని, ‘బావగారూ, తల ఎత్తండి. ఊరికి దాహమేస్తోంది’ అంది.

హారన్ ఆగింది.

‘మీరు ఏడవండి, నాను వద్దన్లేదు. మీకు తమ్ముడు పోయేడు. నాకు ఆయన ఇంకా పోలేదు. మీదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు. నాను చెప్పేదాకా నా గుమ్మం ముందు ఇది మాత్రం వద్దు. సెకండు ఎయ్యండి.’

భయ్యా మొహం చొక్కాతో తుడుచుకున్నాడు. క్లచ్ తొక్కాడు. చెయ్యి వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెళ్ళింది. రెండో గేరు పడిన చప్పుడు నేను చాలాసార్లు విన్నాను గానీ, ఒక సందు మొత్తం ఊపిరి వదలడం అదే మొదటిసారి వినడం. నేను మైకు ఎత్తబోయాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని, ‘ఏటి చూస్తన్నారు? బిందెలు తేండి!’ అంది. కొండవాలు ఆ మాటని వెనక్కి పంపలేదు. ఫిలాసఫీ చదివిన నాకు దీనికి కారణం తెలియదు. ఫిజిక్సు చదివినవాళ్ళు చెప్పాలి.

నీళ్ళు అందరికీ అందాయి. చెప్పులు విప్పినాయన బిందె మోసుకుంటూ చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఆ తరువాత భయ్యా మాట తప్పలేదు. తప్పకపోవడం ఎలాగో అతనికి ముందు తెలియలేదు, అంతే. గుమ్మం ముందు వద్దన్న మరదలి మాటని అతను సందు మొత్తానికీ తీసుకున్నాడు. సందులో ఎత్తుంది. ఎత్తుకి మొదటి గేరు లేకుండా కుదరదు. అందుకని మెయిన్ రోడ్డు మీద నుంచే బండిని ఉరికించి, రెండో గేరులో ఆ ఎత్తు మీదకి తోలేవాడు. జీపు రొప్పేది, కాలిన వాసన కొట్టేది, సగంలో ఆగిపోతే వెనక్కి దొర్లించుకొచ్చి మళ్ళీ ఉరికించేవాడు. ఈ లోగా నేను సగం ప్రకటన ఒకసారి, పూర్తి ప్రకటన ఇంకోసారి చదివేవాణ్ణి. క్లచ్ ప్లేట్లు ఎందుకు ఇన్ని పోతున్నాయని కొత్త ఆఫీసరుగారు అడిగారు. ‘ఎత్తు ఎక్కువ సార్’ అన్నాను. అంతకు ముందు కూడా ఎత్తు అంతే ఉండేది కదా అన్నారు. భూకంపం తరువాత నేల కొంచెం మారిందని చెప్పాను. దీవుల్లో కొన్నిచోట్ల నిజంగానే మారింది. డిగ్నాబాద్‌లో మారిందని నేను కచ్చితంగా అనలేదు.

ఆ సందువాళ్ళకి ఎవరి చావైనా ముందుగా తెలిసేది కాదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

రెండు వర్షాకాలాలు వెళ్ళిపోయాయి. కార్ నికోబార్‌కి ఊరికే వెళ్ళనివ్వరు, పాసు కావాలి. ఆ పాసు కోసం మరదలు తిరగని ఆఫీసు లేదు. దొరికాక భయ్యాని వెంటబెట్టుకుని ఓడెక్కింది. ఆ వారం జీపుకి వేరే డ్రైవరు వచ్చాడు. కుర్రతనం, అన్నిటికీ మూడో గేరే. నీళ్ళ కబురుకి జనం మంచి బట్టలు కట్టుకుని వచ్చి, ఏం ఫంక్షనని అడిగారు. ఒక చావు కబురుకి పిల్లలు జీపు వెంట పరుగెత్తారు. భయ్యా విలువ ఆఫీసుకి ఆ వారంలో తెలిసింది.

వాళ్ళు తిరిగొచ్చిన మరునాడు పొద్దున్న, మేం బయల్దేరబోతుంటే ఆమె ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉంది.

‘చూసొచ్చేను అన్నయ్యా’ అంది. ‘షెడ్డున్న చోటు ఇప్పుడు ఒడ్డు కూడా కాదు. నీళ్ళలోకి పోయింది. పోటు తగ్గినప్పుడు కాసిన్ని రాళ్ళు కనబడతాయి. ఆ రాళ్ళ మీద నిలబడ్డాను. ఇంక చాలు.’

నేను రాసుకోవడానికి కలం తీశాను. సభ ఎక్కడ, ఎన్ని గంటలకి అని అడగాలి. అది నా ఉద్యోగం.

‘ఏమీ చదవొద్దు’ అంది ఆమె. ‘చదివితే పది రోజులు లెక్కెడతారు. మైకు ఆపేయండి. ఊరికే రండి.’

ముందు సీట్లో ఆ రోజులాగే ముగ్గురం సర్దుకున్నాం. భయ్యా ఖైనీ వేసుకోలేదు. సందు మొదట్లో బండి ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మొదటి గేరు వేశాడు.

అన్నాళ్ళ తరువాత ఆ జీపు ఎత్తుని ఎక్కాల్సినట్టు ఎక్కింది. ఉరకలేదు, రొప్పలేదు. చదును వచ్చింది. గేరు మారలేదు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చి నిలబడ్డారు. ఎవరు అని ఎవరూ నా వైపు చూడలేదు. నా సర్వీసులో నేను నోరు తెరవకుండా చేసిన ప్రకటన అదొక్కటే, అందరికీ స్పష్టంగా వినబడింది కూడా అదొక్కటే. వాళ్ళ గుమ్మంలో ముసలావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. జీపు దాటేదాకా చూసి, లోపలికి వెళ్ళింది.

సందు చివర, ఎత్తు మీద, ఇళ్ళు అయిపోయి సముద్రం కనబడే చోట మరదలు ముంజేతి మీద గాజులు ఒకసారి సర్దుకుంది.

‘బావగారూ’ అంది, ‘ఇంక సెకండు ఎయ్యండి.’